ఓడిపోయే పని: మామతో కర్నూలు నుంచి ప్రొద్దుటూరు దాకా ఐదు రోజులు

మొదటి రోజు, కర్నూలు

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు తెల్లవారుజామున, మంచు ఇంకా విడవకముందే, మామ నన్ను హంద్రీ ఒడ్డు వైపు ఉన్న పాత గరిడీకి, అంటే కుస్తీ నేర్పే చోటికి, తీసుకువెళ్ళాడు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు, ఇరవై రెండేళ్ళు కుస్తీ పట్టి బతికిన మనిషి. 1976లో మొదటి కొబ్బరికాయ గెలిచిన నాటి నుంచి, 1998లో మోకాలు పూర్తిగా మొరాయించి లంగోటా మడిచి పెట్టెలో పెట్టేదాకా, జాతర ఎక్కడ ఉంటే అక్కడ, డేరా ఎక్కడ వేస్తే అక్కడ తలపడ్డాడు. పత్రికల్లో ఆయన బొమ్మ ఎన్నడూ పడలేదు. ఆయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు పదిమంది కూడా ఉండరు.

ఆయన తిరిగిన దారంతా ఆయనతోనే ఒకసారి తిరిగి, చెప్పేది రాసుకోవాలని నాకు చాలా కాలంగా ఉంది. ఈసారి ఆయనే అడిగాడు. ప్రొద్దుటూరు పక్కన ఉండే, కుస్తీలో తనకు ఎదురు నిలిచిన పాత జోడీ మంచం పట్టాడని కబురు వచ్చింది. చూసి రావాలన్నాడు, కానీ నేరుగా బస్సెక్కి పోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. "పోయి ఊరికే కూర్చుంటే ఏం మాట్లాడల్ల అబ్బీ? ఆ ఊర్లన్నీ ఒకసారి సూసుకోని పోతే మాటలు అవే వస్తాయి" అన్నాడు.

గరిడీలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు మొద్దు గోడలు, పైన రేకులు, నడుమ కుస్తీ పట్టే మట్టి గోదా, ఒక మూల ఆంజనేయస్వామి పటం, ఆ పటం పక్కనే మేకుకు కట్టిన ఆకుపచ్చ గుడ్డ. మామకు విద్య నేర్పిన ఉస్తాద్ ముసల్మాను. ఆయన శిష్యుల్లో కొందరు జై బజరంగబలీ అని, కొందరు యా అలీ అని గోదాలోకి దిగేవారట. దిగే ముందు చిటికెడు మట్టి తీసి నుదుటికి పెట్టుకోవడం మాత్రం అందరికీ ఒకటే. ఉస్తాద్ అనే మాటే మన నోట్లో వస్తాదుగా మారింది. గురువుకు చెందిన పేరు శిష్యుడికి కూడా దక్కడం ఈ విద్యలోనే చూశాను.

గోదా మట్టి మామూలు మట్టి కాదు. జల్లించిన ఎర్రమట్టిలో పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం కలిపి నానబెడతారు. పొద్దున్నే ఎవరో ఒకరు పార పట్టుకుని గోదా అంతా తవ్వి, గడ్డలు చిదిపి, ఒక బరువైన పలక మీద మనిషిని నిలబెట్టి దాన్ని లాగి చదును చేయాలి. తవ్వని మట్టి రాయితో సమానం. దాని మీద పడితే ఎముక విరుగుతుంది. కొత్త పిల్లవాడికి ఉస్తాద్ మొదటి ఆరు నెలలూ పట్లు నేర్పేవాడు కాదు. తవ్వడం, దండీలు, బస్కీలు, మళ్ళీ తవ్వడం, అంతే. మామ చేతిని ఇప్పుడు పట్టుకుని చూసినా అరచేతిలో పారకర్ర ఒరుసుకున్న కాయలు తెలుస్తాయి.

మేము వెళ్ళేసరికి నలుగురు కుర్రవాళ్ళు ఉన్నారు. వారిలో ఇద్దరికి మట్టి మీద కన్నా మ్యాట్ మీదే ధ్యాస. పోటీలు, ఉద్యోగాల కోటా అన్నీ మ్యాట్ మీదనే కదా అని ఒకడు నాతో అన్నాడు; వాడి మాటలో తప్పు లేదు. మామ చెప్పులు విడిచి, గోదా అంచున వంగలేక వంగి, మట్టి తీసి వాసన చూశాడు. "నూనె సాల్లేదు" అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో ఆయన తన లెక్కల పుస్తకం చూపించాడు. కిరాణా కొట్లలో వాడే పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, లోపల పెన్సిలు గీతలు. ఒక్కొక్క కుస్తీకి ఒక్కొక్క వరుస: తేదీ, ఊరు, ఎదుటివాడి ఊరు, ఫలితం, వచ్చింది, పోయింది. ఎదుటివాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆదోనాయన, బళ్ళారాయన, రాయచూరాయన, అంతే. ఫలితం గడిలో గెలిస్తే 'గె', ఓడితే 'ఓ', తేలకపోతే బరాబర్ అని 'బ'. ఒక వరుస ఇలా ఉంది: వచ్చింది 15 రూపాయలు, కొబ్బరికాయ 1, పోయింది బస్సు 4, పాలు 2, నువ్వుల నూనె 3. పేజీలు తిప్పుతూ పోతే 'ఓ'లే ఎక్కువగా కనిపించాయి. 1984 నుంచి ఇంకో గుర్తు మొదలైంది, చిన్న సున్నా. అదేమిటని అడిగితే గుంతకల్లులో చెబుతానన్నాడు. అయితే 1982లో, డేరాల కాలానికి ముందే, ఒక జాతర కుస్తీ పక్కన కూడా ఒక సున్నా ఉంది. దాన్ని చూసీ చూడనట్టు ఆయన పేజీ తిప్పేశాడు.

రెండో రోజు, ఎమ్మిగనూరు, ఆదోని

ఉదయం ఉగ్గాని, బజ్జీ తిని కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు బస్సెక్కాము. దారికి రెండు వైపులా ఏరేసిన పత్తి చేలు, అక్కడక్కడా కందికట్టె. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర సందడి అప్పటికే మొదలైంది, ఎద్దుల బేరగాళ్ళు దిగుతున్నారు. మామకు జాతరలో రథం కన్నా ఎద్దుల సంత మీదే ప్రేమ. ఎద్దు మెడ, భుజం, నడిచే తీరు చూసి రైతు ఎలా అంచనా వేస్తాడో, జోడీ కట్టే పెద్దమనుషులు మల్లుణ్ణి కూడా అలాగే చూసేవారని చెబుతూ, ఒక కోడె మూపురం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

జోడీ కట్టడం అనేది జాతర కుస్తీకి ప్రాణం. అక్కడ తూకం యంత్రం ఉండదు. డప్పు మోగుతుండగా కుస్తీకి సిద్ధమైనవాడు ఒంటి మీద గుడ్డ తీసేసి బరి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. ఊరి పెద్దలు కంటితోనే ఎత్తు, లావు, వయసు చూసుకుని ఇంకొకణ్ణి పిలుస్తారు. ఇద్దరూ చేయి కలిపితే జోడీ కుదిరినట్టు, కలపకపోతే లేనట్టు. కొబ్బరికాయ కుస్తీలతో పిల్లల నుంచి మొదలై, పొద్దుగూకే వేళకు పెద్ద జోడీ దాకా, అంటే వెండి కడియం దాకా వస్తుంది. కాల నియమం లేదు. రెండు భుజాలూ ఒకేసారి నేలకు ఆనితే చిత్, అయిపోయినట్టే. మనం రోజూ వాడే చిత్తుచేయడం, చిత్తుగా ఓడించడం ఈ మట్టిలోంచి లేచిన మాటలే.

ఇక్కడే మామ లాంటివాడి అవసరం వచ్చేది. ప్రతి ఊరికీ ఎదిగి వస్తున్న పహిల్వాను ఒకడు ఉంటాడు. వాడి బలమేమిటో ఊరికి చూపించాలంటే ఎదుట నిలిచేవాడు కావాలి. మరీ బలహీనుడైతే జనం తిట్టిపోస్తారు, మరీ బలవంతుడైతే ఊరివాడి పరువు పోతుంది. పదిహేను నిమిషాలు గట్టిగా నిలబడగలిగి, అన్ని పట్లూ తెలిసి, తన ఒళ్ళు, ఎదుటివాడి ఒళ్ళు విరగకుండా చూసుకునే మనిషి కావాలి. పై ఊళ్ళనుంచి అలాంటివాణ్ణి పిలిపించి దారిఖర్చు ఇచ్చేవారు. ఇరవై రెండేళ్ళు మామకు తిండి పెట్టింది ఆ పిలుపే. ఢాక్, ధోబీ పఛాడ్, కలాజంగ్ లాంటి పట్లన్నీ ఆయనకు వచ్చు. కానీ ఆయన ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు ఎప్పుడూ 75 కిలోలు దాటలేదు, పాలూ బాదమూ కొనే స్తోమతు లేదు. పొద్దున గరిడీ, పగలు మార్కెట్ యార్డులో శెనిక్కాయ మూటలు మోయడం, రాత్రి రాగిసంకటి. పెద్ద జోడీలో గెలవడానికి ఆ ఒళ్ళు చాలదని ఇరవై ఐదేళ్ళకే ఆయనకు అర్థమైంది. అర్థమైన తరువాత కూడా వదిలిపెట్టకపోవడమే నాకు ఆయనలో గొప్పగా తోస్తుంది.

సాయంత్రానికి ఆదోని చేరాము. పత్తి మండీ దగ్గర లారీలు, గాలిలో తేలే దూది పింజలు. కొండ మీద కోట ఎర్రబారుతుండగా టీ కొట్టు ముందు కూర్చున్నాము. టీ కొట్టు ముసలాయన మామ చెవి చూసి, "గరిడీ మనిషా అన్నా?" అని అడిగాడు. కుస్తీలో చెవి పదే పదే నలిగి, చర్మానికి, మెత్తటి ఎముకకు నడుమ నెత్తురు చేరి గట్టిపడితే అది ముడుచుకుపోయి ఎండిన చింతకాయ తొక్కులా అవుతుంది. మామకు రెండు చెవులూ అంతే. ఆ ముసలాయన డబ్బులు తీసుకోలేదు. ఆ రోజంతటిలో మామ ముఖం విప్పారింది అప్పుడే.

1982 నాటి సున్నా ఆదోని చుట్టుపక్కల పల్లెదే. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడో రోజు, గుంతకల్లు

ఆదోని నుంచి గుంతకల్లుకు ప్యాసింజరు రైలు గంట లోపే చేర్చింది. ప్లాట్‌ఫారం మీద దిగగానే మామ ఆగి, నలువైపులా చూశాడు. రాయచూరు, బళ్ళారి, గుత్తి, డోను, ధర్మవరం, ఇన్ని దారులు కలిసేచోటు ఇది. కుస్తీ మీద బతికేవాడికి గుంతకల్లు జంక్షన్ పుట్టినింటి లాంటిది. ఎక్కడ జాతర జరిగినా ఇక్కడికి వచ్చి రైలు మారాలి. వెయిటింగు హాలులో ఎన్ని రాత్రులు పడుకున్నాడో లెక్క లేదన్నాడు.

1979లో ఇక్కడి నుంచే హుబ్బళ్ళి, మిరజ్ మీదుగా కొల్హాపురం వెళ్ళి, అక్కడి తాలీంలో, అంటే కుస్తీ బడిలో, మూడు నెలలు ఉన్నాడు. కొల్హాపురం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. షాహూ మహారాజు కట్టించిన ఖాస్‌బాగ్ మైదానం 1912 నాటిది. నడుమ గోదా, చుట్టూ గిన్నెలాగా పైకి లేచే మెట్లు, ఎక్కడ కూర్చున్నా చూపుకు అడ్డం రాని ఏర్పాటు. ఆ మట్టిలోనే పెరిగిన ఖాశాబా జాదవ్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి ఒక్క మనిషి సొంతంగా సాధించిన మొదటి ఒలింపిక్ పతకం అది. "ఆ మట్టి మీద నేనూ పడినా అబ్బీ" అన్నాడు మామ. పడినా అన్నాడు, గెలిచినా అనలేదు. అయినా ఆ మాటలో వెలితి ఏమీ లేదు. అక్కడి వాళ్ళ ఖురాకు, అంటే రోజువారీ పాలూ నెయ్యీ బాదమూ, తన చేతనయ్యే ఖర్చు కాకపోవడంతో తిరిగి వచ్చేశాడు.

ఇక సున్నాల సంగతి. దారాసింగ్ పేరు తెలియని తెలుగువాడు ఆ తరంలో లేడు. ఆయనా, దాదాపు రెండు వందల కిలోల కింగ్‌కాంగ్‌ అనే హంగరీ మల్లుడూ 1950లలో మన దేశమంతా తిరిగి, టిక్కెట్టు పెట్టి, స్టేడియాలు నింపారు. దారాసింగ్ 1983లో బరి నుంచి తప్పుకున్నాడు, కానీ ఫ్రీస్టైల్ కుస్తీల మీద జనానికున్న మోజు తగ్గలేదు. ఆ మోజును నమ్ముకుని చిన్న చిన్న కంట్రాక్టర్లు జంక్షన్ ఊళ్ళలో డేరాలు వేయించి, మైకు పెట్టిన జీపు తిప్పి, ఆట కట్టేవారు. 1984లో అలాంటి ఒక కంట్రాక్టరు మామను గుంతకల్లులోనే పట్టుకున్నాడు. పదిమంది మల్లులు, రెండు లారీలు, ఇనుప చట్రం, దాని మీద చెక్క పలకలు, వాటి మీద కొబ్బరిపీచు పరుపు, పైన బిగించి కట్టిన టార్పాలిన్. ఎవరు గెలవాలో ముందే నిర్ణయం. మామ పని ఓడిపోవడం. ఆ గుర్తే సున్నా.

దీన్ని లోపాయికారీ కుస్తీ అని తీసిపారేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. నేను కూడా చదువుకునే రోజుల్లో అలాగే అన్నాను, ఒకసారి ఆయన ముందే అన్నాను. ఈ రోజు గుంతకల్లు లాడ్జి గదిలో, మంచం మీది పరుపు కిందికి దింపి, అరవై తొమ్మిదేళ్ళ మనిషి నాకు పడటం చూపించాడు. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించాలి, లేకపోతే తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది. నేల తగిలే క్షణానికి ఊపిరి వదిలేసి ఉండాలి, లోపల ఉంటే పక్కటెముకలు పట్టేస్తాయి. రెండు చేతులూ చాచి అరచేతులతో నేలను కొట్టాలి. దెబ్బ ఒకచోట కాకుండా వీపంతా పంచుకుంటుంది, పలక మోగుతుంది, జనానికి ప్రాణం పోయినట్టు వినిపిస్తుంది. అంతా కలిపి రెప్పపాటు. ఆయన పడినప్పుడు గది కిటికీ అద్దం అదిరింది. ఆయన మాత్రం నవ్వుతూ పైకి చూస్తున్నాడు.

"ఎత్తేవోని బలమంటారు గానీ, ఎత్తించుకునేవోడు ఎగరకపోతే యా మొగోడూ ఎత్తలేడు" అన్నాడు. నిజమే. ఎదుటివాడు నడుము పట్టుకున్న క్షణంలో పాదంతో నేలను తన్ని తన బరువును తానే పైకి పంపాలి, గాలిలో ఉన్నప్పుడు వాడి భుజాన్ని పట్టుకుని నిలదొక్కుకోవాలి. మెడ పట్టు పట్టినప్పుడు ముఖాలు చేతుల చాటున దాగుతాయి, అప్పుడే తరువాత ఏమి చేయాలో చెవిలో చెప్పుకుంటారు. ఎత్తినవాడికి చప్పట్లు, ఎదుటివాడి మెడ విరగకుండా ఇద్దరి తరఫునా లెక్క చూసుకునేది కిందపడేవాడు. ప్రొద్దుటూరాయనతో మామకు జోడీ కుదిరింది ఈ డేరాల్లోనే. ఆయన ఆరడుగుల మనిషి, ఎర్రని మనిషి, మీసం తిప్పితే జనం లేచి నిలబడేవారు. ఎనిమిదేళ్ళలో ఆయన మామను కొన్ని వందల సార్లు ఎత్తి పడేశాడు. ఒక్కసారి కూడా మామకు మెడ పట్టలేదు, ఆయనకు నడుము పట్టలేదు.

రాత్రి భోజనానికి వెళ్ళిన హోటల్లో టీవీలో కుస్తీ వస్తోంది. బల్లలు తుడిచే కుర్రవాడు అది నిజమా అబద్ధమా అని ఎవరితోనో వాదిస్తున్నాడు. ఆ టీవీ కుస్తీలు నడిపే అమెరికా కంపెనీ (అప్పట్లో WWF) వాళ్ళే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు తమది వినోదమే గానీ పోటీ కాదని ఒప్పుకున్నారు. క్రీడల మీద ఉండే పన్నులు, నిబంధనలు తప్పించుకోవడానికి అలా చెప్పారు. నేనా మాట ఆ కుర్రవాడికి చెప్పబోతే మామ నా చేయి పట్టుకుని ఆపాడు. "పడేది నిజమే కదా" అన్నాడు.

1992లో డేరా ఎత్తేసినప్పుడు కంట్రాక్టరు నాలుగు నెలల కూలి ఎగ్గొట్టాడు. లెక్కల పుస్తకంలో ఆ నాలుగు నెలలకూ 'వచ్చింది' గడి ఖాళీగానే ఉంది.

నాలుగో రోజు, గుత్తి, తాడిపత్రి

గుత్తిలో దిగింది కోట కోసం కాదు, మామకు నడుము నొప్పిగా ఉండి ఆగాము. నిన్న రాత్రి పడి చూపించిన దాని ఫలితం అది. అది నా వల్లే జరిగిందని నాకు బాధగా ఉంది. కొండ ఎక్కే మాట లేదు. కింద, ఒక వేపచెట్టు కింద అరుగు మీద ఆయన వెల్లకిలా పడుకున్నాడు, నేను పక్కన కూర్చుని కృష్ణదేవరాయల సంగతి చెప్పాను.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయల దినచర్య రాసి పెట్టాడు. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒంటికి అదే నూనె పట్టించుకుని, పెద్ద పెద్ద మట్టి బరువులు ఎత్తి, కత్తి తిప్పి, తాగిన నూనె అంతా చెమటగా పోయేదాకా శ్రమించి, ఆ తరువాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడట. మహర్నవమి ఉత్సవాల్లో జరిగే మల్లయుద్ధాల గురించి కూడా పాయెస్ రాశాడు: పళ్ళు ఊడేలా, కళ్ళు పోయేలా గుద్దుకునేవారని, మాట పడిపోయినవాళ్ళను స్నేహితులు మోసుకుపోయేవారని, సమానులను సమానులతో నిలబెట్టడానికి తీర్పరులు ఉండేవారని. మైసూరు దసరాలో జెట్టీలనే మల్లులు పిడికిలికి ఆయుధం తొడుక్కుని పట్టే వజ్రముష్టి ఆ వరసలోనిదే. తల మీద మొదటి నెత్తురు చుక్క కనబడగానే ఆపేస్తారు.

నన్ను ఎప్పటినుంచో తొలిచే ప్రశ్న ఒకటుంది. రోజూ తెల్లవారుజామున రాయలతో కుస్తీ పట్టిన ఆ మల్లుడు ఎవరు? ఎవరు గెలిచేవారో పాయెస్ రాయలేదు. చక్రవర్తిని చిత్ చేయగలిగే బలం ఉండి, చేయకుండా, అలాగని చేతకానట్టు తేలిపోకుండా, ఆయనకు చెమట పట్టించి, ఎముక విరగకుండా చూసి, మర్నాడు మళ్ళీ నిలబడాలి. మామ కళ్ళు మూసుకునే విన్నాడు. చాలాసేపటికి, "వాడు మంచి పనివాడయ్యి ఉంటాడు" అన్నాడు.

తరువాత ఆయనే, నేను అడగకుండానే, 1982 నాటి సున్నా గురించి చెప్పాడు. ఆదోని వైపు ఒక పల్లె జాతరలో పెద్ద జోడీ. ఊరివాడు కుర్రవాడు, బలముంది గానీ ఊపిరి లేదు. ముందురోజు రాత్రి ఒక పెద్దమనిషి వచ్చి 200 రూపాయలు చేతిలో పెట్టాడు. అప్పటికి మా అత్త బాలింత. ఇరవై నిమిషాలు ఆడి మామ పడిపోయాడు. చూసినవాళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు. మూడో రోజు గరిడీకి వెళితే ఉస్తాద్ ఒక్క మాట కూడా అనలేదు. మామ చేతిలోని పార తీసుకుని, డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ రోజు గోదా అంతా తానే తవ్వాడు. మామ అంచున నిలబడి చూశాడు. "ఆయప్ప తవ్వుతా ఉంటే ఒక్కో పార దెబ్బా నా ఈపు మీద పడినట్టుండె" అన్నాడు. డేరాలో ఓడింది పని, అందరికీ తెలిసిన పని, దానికి కూలి. మట్టిలో ఓడింది మాత్రం పని కాదన్నాడు. ఈ రెంటి మధ్య గీత ఆయనకు అంత స్పష్టంగా ఉందని నాకు ఇంతకాలం తెలియదు. పుస్తకంలో రెంటికీ ఒకే గుర్తు ఎందుకు పెట్టావని అడగబోయి ఊరుకున్నాను.

ఆ రోజుల్లో వస్తాదులకు ఇంకో బతుకుదెరువు కూడా ఉండేది. కక్షలున్న ఊళ్ళలో పెద్దలు గరిడీల నుంచి మనుషుల్ని తీసుకుపోయి వెంట తిప్పుకునేవారు. మంచి తిండి, ఇంటికి గింజలు, పండుగకు బట్టలు. మామకు రెండుసార్లు పిలుపు వచ్చింది, పోలేదు. ఆయనతో కలిసి దండీలు తీసినవాళ్ళలో అలా పోయినవాళ్ళున్నారు. వారి గురించి మామ మాట్లాడడు, నేను రాయను.

సాయంత్రం తాడిపత్రి చేరి, పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుని గుడి చూసి, జొన్నరొట్టె తిని తొందరగా పడుకున్నాము.

ఐదో రోజు, ప్రొద్దుటూరు

ఎర్రగుంట్లలో రైలు దిగి, ఆటోలో ప్రొద్దుటూరు మీదుగా పెన్న గట్టు పల్లెకు పోయాము. దారిలో మామ బజారులో ఆగి కాసిని బాదంపప్పులు కొన్నాడు. "ఒకప్పుడు వాడే నాకు పెట్టేవాడు" అన్నాడు.

నాపరాళ్ళు పరిచిన వసారాలో నవారు మంచం మీద ఉన్నాడు ప్రొద్దుటూరాయన. ఆరడుగుల మనిషి అన్నది మంచం పొడవును బట్టి తెలుస్తుంది తప్ప ఒళ్ళు ఏమీ మిగల్లేదు. మూడేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మాట మాత్రం నిలిచింది. మామను చూసి, "ఏం కర్నూలాయనా, ఇంకా నిలబడుకోనే ఉండావా?" అన్నాడు. మామ మంచం పట్టె మీద కూర్చుని, ఒక్కొక్క ఊరే చెప్పడం మొదలుపెట్టాడు. ఎమ్మిగనూరులో ఎద్దులు బాగున్నాయని, ఆదోనిలో ఒకాయన టీ డబ్బులు తీసుకోలేదని, గుంతకల్లులో డేరా వేసిన చోట ఇప్పుడు కాంప్లెక్సు లేచిందని. తాను అనుకున్నట్టే మాటలు వచ్చాయి. కోడలు కాఫీ తెచ్చి పెట్టింది, చల్లారిపోయింది, మళ్ళీ తెచ్చింది.

మధ్యాహ్నం ప్రొద్దుటూరాయన కొంచెం ఎండలో కూర్చుంటానన్నాడు. రోజూ కొడుకూ, పక్కింటాయనా కలిసి చంకల్లో చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెడతారట, ఆయనకది నొప్పి. కొడుకు పక్కింటాయనను పిలవబోతుంటే మామ వద్దన్నాడు. నా గుండె దడదడలాడింది. నడుము ఇంకా పట్టేసి ఉంది ఆయనకు, మోకాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన నా వైపు చూడలేదు. పంచె ఎగ్గట్టి, చెప్పులు పక్కకు నెట్టి, మంచం ముందు పాదాలు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. వంగి నేల మీద చేయి ఆనించి, ఆ వేళ్ళు నుదుటికి తాకించుకున్నాడు. తరువాత ప్రొద్దుటూరాయన నడుము చుట్టూ రెండు చేతులూ పోనిచ్చి, వెనుక ఒక చేతి మణికట్టును రెండో చేతితో పట్టుకుని, చెంప ఆయన చెవికి ఆనించి ఏదో చెప్పాడు. ఏమి చెప్పాడో మాకు వినిపించలేదు.

ప్రొద్దుటూరాయన గడ్డం గుండెకు ఆనించుకున్నాడు. ఊపిరి వదలడం వినిపించింది. బాగున్న కుడి పాదం నాపరాయి మీద ఒక్కసారి గట్టిగా తన్నింది, చప్పుడు వసారా అంతా మోగింది, కుడి చేయి మామ భుజం మీద బిగుసుకుంది. మరుక్షణం ఆ పొడుగాటి మనిషి మామ చేతుల్లో నేలకు జానెడు ఎత్తున ఉన్నాడు.